అప్పుడప్పుడు ఆగు యంత్రము: తప్పెవరిది?

యంత్రములకు వచ్చు రోగములు రెండు విధములు. మొదటిది, బొత్తిగా పనిచేయకుండుట. రెండవది, ఒకప్పుడు పనిచేయుచు ఒకప్పుడు పనిచేయకుండుట. మొదటిదానిని కనిపెట్టుట సులభము. బావిగిలక యిరుసు విఱిగినచో గిలక తిరుగదు. ఇరుసు మార్చినచో తిరుగును. రోగమును, చికిత్సయు కన్నులయెదుటనే యుండును. రెండవదానిని కనిపెట్టుట మిక్కిలి కష్టము. వైద్యుడు వచ్చువేళకు జ్వర ముండదు. వైద్యుడు గడప దాటినంతనే జ్వరము మఱల వచ్చును. విడిభాగములు కొని యింటిలో కూర్చుకొనిన కంప్యూటరులకు తఱచుగా సంక్రమించునది యీ రెండవజాతి రోగమే. చక్కగా పనిచేయుచున్న యంత్రము నడుమ నకస్మాత్తుగా తెఱ నల్లబడి మఱల మొదటినుండి ఆరంభించును. లేదా తెఱ నీలివర్ణమై, అర్థముకాని అక్షరములు చూపి నిలిచిపోవును. మఱునాడు దానిని పరీక్షింపబోయినచో దినమంతయు నిశ్చింతగా పనిచేయును.

ఇట్టి సమయములందే మనుష్యస్వభావములోని యొక దోషము బయలుపడును. కారణము కనబడనప్పుడు మనము కారణమును వెదకుట మాని, మనిషిని వెదకుదుము. "ఏల ఆగినది?" అని యడుగవలసినచోట "ఎవరు చెఱచిరి?" అని యడుగుదుము. ఆ ప్రశ్నకు సమాధానము త్వరగానే దొరకును. ఏలయన, యంత్రము ఆగినప్పుడు దాని యెదుట ఎవరో యొకరు కూర్చుండియే యుందురు. వారు సాధారణముగా ఇంటిలో చిన్నవారు, తమ పక్షమున మాటలాడలేనివారు.

ఈ విషయమున మా అభిప్రాయములు మూడు. కారణము ఋజువు కానిదే ఏ బిడ్డమీదను నేరము మోపరాదు. అప్పుడప్పుడు వచ్చు దోషమును క్రమముగా వెదకు విద్యను పై తరగతుల బాలబాలికలకు పాఠశాలయందే నేర్పవలెను. ప్రతి కంప్యూటరు ప్రక్కను ఒక నోటుపుస్తకము నుంచవలెను. ఈ మూడును వేర్వేఱుగా కనబడినను ఒకే మాట యని ముందు చూపుదుము.

మొదట యీ యంత్రముల సంగతి కొంత చెప్పవలసియున్నది. మన ప్రాంతమున వీనిని అసెంబుల్డు కంప్యూటరు లందురు. పాలిటెక్నిక్కులోనో, ఇంజనీరింగు కళాశాలలోనో చదువు యువకులు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్లకు పోయి, మదర్‌బోర్డు ఒక అంగడిలోను, ప్రాసెసరు మఱియొక అంగడిలోను, ర్యాము, డిస్కు, క్యాబినెట్టు, విద్యుత్తును అందించు ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెయు వేఱు వేఱు అంగళ్లలోను బేరమాడి కొని, ఇంటికి తెచ్చి బిగించుకొందురు. ఇందు తప్పేమియు లేదు. సొమ్ము కొంత మిగులును. తానే కూర్చిన యంత్రమను సంతోషమును, దాని లోపలి స్వరూపమును గూర్చిన జ్ఞానమును కలుగును. కాని ఒక చిక్కు గలదు. పది భాగములను పదిమంది చేసిరి. కూర్చిన మొత్తమునకు ఉత్తరవాది యెవడును లేడు. యంత్రము ఆగినప్పుడు మదర్‌బోర్డు అమ్మినవాడు ర్యాము ననును. ర్యాము అమ్మినవాడు విద్యుత్తు ననును. విద్యుత్తుపెట్టె అమ్మినవాడు వైర సనును. అందఱును చేతులు కడుగుకొనిన పిమ్మట నేరము ఇంటికి వచ్చి, ఇంటిలో చిన్నవారి మీద వ్రాలును.

యంత్రమే తన రోగమును చెప్పదా యని కొందఱడుగుదురు. చెప్పును, కాని అది చెప్పునది చాలవఱకు లక్షణమేగాని కారణము కాదు. విండోసు వ్యవస్థ తన దినచర్యలో 41 అను సంఖ్యతో ఒక వార్త వ్రాసుకొనును. దానిని చూచి "ఇదిగో రోగము" అని మురియువారు పలువురు. ఆ వార్తకు అర్థ మింతయే: యంత్రము సక్రమముగా మూయబడకుండ మఱల ఆరంభమైనది. విద్యుత్తు పోయినను, వేడి యెక్కువయినను, ఎవరైన మీట నొక్కిపట్టినను అదే వార్త. అది మరణవార్త వంటిది. మరణకారణము అందు లేదు.

కొన్నిసార్లు యంత్రపు మాట మనలను తప్పుదారి పట్టించుటయు గలదు. ఇంటెల్ సంస్థవారు 2022 లోను 2023 లోను విడుదల చేసిన 13వ, 14వ తరముల డెస్క్‌టాపు ప్రాసెసర్లు కొన్ని కాలక్రమమున అస్థిరములై యంత్రములు ఆగజొచ్చినవి. అప్పుడు కొన్ని ఆటలు తెఱమీద చూపిన మాట యేమనగా, వీడియో మెమొరీ చాలలేదని. ఆ మాటను నమ్మినవారు గ్రాఫిక్సుకార్డులను అనుమానించిరి. దోషము కార్డులో లేదు, ప్రాసెసరులోనే యుండెను. ప్రాసెసరు అడుగు వోల్టేజి అధికమగుచుండుటకు దానిలోని మైక్రోకోడు కారణమని సంస్థవారు 2024 జూలైలో ప్రకటించిరి; ఆగస్టులో సవరణను విడుదల చేసిరి; వారంటీని రెండేండ్లు పొడిగించిరి. ఆ సవరణ ముందు రానున్న చెఱుపును నివారింపగలదేగాని, అప్పటికే చెడిన ప్రాసెసరును బాగుచేయలేదు. చదువరులు గమనింపవలసిన దేమనగా, రెండేండ్లపాటు ఎందఱో యువకులు తమ చేతిపనిలోనే దోషమున్నదని తమ్ము తాము నిందించుకొనుచుండగా, దోషము వారి చేతులు ముట్టజాలని చోట దాగియుండెను.

పూర్వచరిత్రయు ఇట్లే చెప్పుచున్నది. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ 2 అను గణనయంత్రము తప్పు చేయగా, అక్కడివారు దానిని విప్పి వెదకి, ఒక రిలే నడుమ చిక్కుకొనిన పురుగును కనుగొనిరి. యంత్రదోషమునకు పురుగను పేరు ఇంజనీర్లలో అంతకుమునుపే వాడుకలో నున్నది. నిజమైన పురుగు దొరకుట మాత్రము వారికి వింతయై తోచెను. వారు దానిని నోటుపుస్తకములో అతికించి, వేళ వ్రాసి, ప్రక్కన వివరము వ్రాసిరి. ఆ పుస్తకము నేటికిని వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థవారి మ్యూజియమున భద్రముగా నున్నది. లోకము పురుగునే జ్ఞాపక ముంచుకొన్నది. మాకు పుస్తకము ముఖ్యముగా తోచుచున్నది. పురుగు దొరకుట అదృష్టము. పుస్తకమున్నది గనుక అది విద్య అయినది.

1978 లో ఇంటెల్ సంస్థకు చెందిన తిమోతి మే, మరీ వుడ్స్ అను నిద్దఱు మఱియొక వింత బయలుపఱచిరి. ర్యాము చిప్పులలోని అక్షరములు కారణము లేకుండ ఒకటి సున్న యగుటయు, సున్న ఒకటి యగుటయు జరుగుచుండెను. చిప్పును కప్పిన పెట్టె ద్రవ్యములో యురేనియము, థోరియములు లేశమాత్రముగా నుండి, వానినుండి వెలువడు ఆల్ఫాకణములే యీ పని చేయుచున్నవని వారు ఋజువుచేసిరి. కంటికి కనబడని కణ మొకటి లెక్క తప్పించినప్పుడు, ఆ యెదుట కూర్చున్న గుమాస్తాను దండించినచో ఏమి న్యాయము? గూగుల్ సంస్థవారి యంత్రములను పరిశీలించి 2009 లో ప్రకటించిన పరిశోధనలో, ఒక్క యేడాదిలో నూటికి 8 కి పైగా ర్యాముపలకలలో తప్పులు కనబడినవని తేలినది. ఆ యంత్రముల యెదుట ఏ పిల్లలును కూర్చుండి ఆటలాడలేదు.

ఇక మా యెఱిగిన సంగతి యొకటి చెప్పెదము. గత విద్యాసంవత్సరమున మా బాలికలలో నొకతె, తొమ్మిదవ తరగతి చదువునది, వ్యాసములు వ్రాసి తెచ్చుట మానెను. విచారింపగా, ఆమె కంప్యూటరు ముట్టరాదని యింటిలో ఆజ్ఞయైనట్లు తెలిసెను. అన్న పాలిటెక్నిక్కు చదువుచు, తండ్రి కూడబెట్టిన సొమ్ముతో ఆ యంత్రమును కూర్చెను. కొన్ని మాసములు బాగుగా పనిచేసి, తరువాత అప్పుడప్పుడు తనంతట తానే ఆగి మఱల ఆరంభించుచుండెను. ఒక దుకాణమున చూపింపగా వైరసని చెప్పి ఫార్మాటు చేసిరి. అందులోని కుటుంబపు ఛాయాచిత్రములన్నియు పోయినవి. వారము తిరుగకుండ మఱల ఆగినది. ఈసారి మదర్‌బోర్డు మార్చవలెనని చెప్పిరి. తండ్రి అంత సొమ్ము లేక ఇంటికి వచ్చి ఆలోచించి చూడగా, యంత్రము ఆగినప్పుడెల్ల దానియెదుట కూతురే కూర్చున్నట్లు తోచెను. ఆమెను దూరముగా నుంచిరి. ఆశ్చర్యము! యంత్రము ఆగుట మానినది. "ఇంతకన్న ఋజువేమి కావలెను, మాస్టారుగారూ?" అని ఆ తండ్రి మమ్మడిగెను.

పైకి ఇది దృఢమైన ఋజువుగానే కనబడును. బిడ్డ యున్నప్పుడు ఆగినది. బిడ్డ లేనప్పుడు ఆగలేదు. కాని యంత్రపు దినచర్యను తెఱచి చూడగా, ఫార్మాటు చేయించిన పిమ్మట ఒక ఆదివారము సాయంకాలము 6 గంటల 40 నిమిషములకు యంత్రము ఆగినట్లు వ్రాసియుండెను. ఆవేళ ఇంటివారందఱును తలుపు తాళము వేసి ఆరాధనకు పోయియుండిరి. అన్న యేదో పెద్ద ఫైలు దిగుమతికి పెట్టి యంత్రమును నడుచునట్లు విడిచి వెళ్లెను. ఎవరును లేని యింటిలో ఆగిన యంత్రమునకు బాలిక ఎట్లు కారణమగును? ఈ యొక్క పంక్తి చాలు, నేరము నిలువదని చెప్పుటకు. అయినను నేరము నిలువకపోవుట వేఱు, కారణము తెలియుట వేఱు.

మేము ఆ యింటివారిని మూడు వారముల గడువడిగితిమి. సాయంకాలము ఒకనాడు చెల్లెలును, మఱునాడు అన్నయు కూర్చుండవలెను. ఒక నోటుపుస్తకములో అయిదు గళ్లు గీయవలెను: తేదీ, వేళ, ఎవరు కూర్చున్నారు, ఏమి చేయుచున్నారు, ఆవేళ ఇంటిలోను బయటను ఇంకేమి జరిగినది. రాత్రివేళ, ర్యామును పరీక్షించు మెమ్‌టెస్టు అను ఉచిత సాధనమును తెల్లవాఱువఱకు నడిపించితిమి. ఒక్క తప్పైనను కనబడలేదు, యంత్రమును ఆగలేదు. ప్రాసెసరుకు పూర్తి పని యప్పగించి వేడిని చూచితిమి. అదియు హద్దులోనే యుండెను. విద్యుత్తుపెట్టె నుండి వచ్చు 12 వోల్టుల తీగను మీటరుతో కొలువగా 12.1 వచ్చెను. నియమము ప్రకారము 11.4 కు తగ్గక 12.6 కు మించక యుండవలెను. కావున అదియు బాగుగనే కనబడెను.

21 దినములలో యంత్రము 7 సార్లు ఆగెను. అన్న కూర్చున్నప్పుడు 4 సార్లు. చెల్లెలు కూర్చున్నప్పుడు 3 సార్లు. కాని ఏడుసార్లును సాయంకాలము 6 గంటలకును 7న్నర గంటలకును నడుమనే. అపరాధి మనిషి కాదు, వేళ! ఆ వేళ బాలిక చదువుకొను వేళ. ఆమెను దూరముగా నుంచిన దినములలో సాయంకాలము యంత్రమును ఎవరును తెఱవనే లేదు. అన్న రాత్రి పది దాటిన పిమ్మటనే తెఱచుచుండెను. అందువలననే అది ఆగలేదు. ఆ ఋజువు ఎంత దృఢముగా కనబడెనో అంత పొల్లు.

ఆ వేళ జరుగుచున్నదేమి? సమాధానము అయిదవ గడిలో బాలికయే వ్రాసియుండెను: ఆగుటకు ముందు దీపము రెప్పపాటు మసకబాఱినది. ఇంటి యజమాని ఆ వేళ మేడమీది తొట్టి నింపుటకు బోరుమోటారు వేయును. అట్టి మోటారు బయలుదేఱునప్పుడు, నడుచునప్పటికంటె అయిదాఱు రెట్ల విద్యుత్తును లాగుకొనును. ఆ క్షణమున ఆ లైనుమీది వోల్టేజి క్రుంగును. మంచి విద్యుత్తుపెట్టె తన కెపాసిటర్లలో నిలువయుంచుకొనిన శక్తితో అట్టి క్రుంగుటను భరించును. చౌకదియు, ప్రాతబడినదియు భరింపలేక మదర్‌బోర్డుకు సరఫరా తప్పించును. యంత్రము మఱల ఆరంభమగును. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. ఒక్కొక్క ఆవృత్తికి పట్టు కాలము సెకనులో 50వ వంతు. అట్టి కొద్దిపాటి ఆవృత్తులలో ముగిసిపోవు క్రుంగుటను సామాన్యమైన మీటరు చూపజాలదు. మీటరు అబద్ధమాడలేదు, మనము దానిని అడిగిన వేళ సరియైనది కాదు.

ఊహ బాగుగనే యున్నది. కాని ఊహను ఋజువని పిలుచుట మొదట చేసిన తప్పునే మఱల చేయుట యగును. ఒక మిత్రుని యింటినుండి మఱియొక ఎస్.ఎం.పి.ఎస్. ఎరువు తెచ్చి బిగించితిమి. ఇంక దేనిని మార్చలేదు. మఱునాడే తండ్రి, "ఆగలేదు, నయమైనది" అని సంతోషించెను. ఇక్కడ కొంచెము గణితము కావలెను. మూడు దినముల కొకసారి చొప్పున నియమము లేకుండ ఆగు యంత్రము, ఏ చికిత్సయు లేకయే ఒక దినమంతయు ఆగకుండుటకు నూటికి 72 పాళ్లు అవకాశము గలదు. మూడు దినములు ఆగకుండుటకు నూటికి 37 పాళ్లు. తొమ్మిది దినములు ఆగకుండుటకు నూటికి 5 పాళ్లు మాత్రమే. అనగా, రోగము సగటున ఎన్ని దినముల కొకసారి వచ్చునో దానికి మూడు రెట్ల కాలము కనిపెట్టి చూచిన గాని నయమైనదని చెప్పరాదు. ఈ సూత్రమును తెలియనందుననే నిష్ప్రయోజనమైన చికిత్సలకు ఇంత కీర్తి వచ్చుచున్నది. ఫార్మాటు చేసిన మఱునాడు యంత్రము ఆగదు. చేయకున్నను చాలవఱకు ఆగకయే యుండెడిది.

పది దినములు చూచితిమి; యంత్రము ఒక్కసారియు ఆగలేదు. అంతటితోను విడువక ప్రాత పెట్టెను మఱల బిగించితిమి. ఇట్లేల యని ఇంటివారు విసిగిరి. న్యాయాధిపతుల గ్రంథములోని గిద్యోను చరిత్రను వారికి జ్ఞాపకము చేసితిమి. అతడు కల్లమున గొఱ్ఱెబొచ్చు నుంచి, బొచ్చు తడిసి నేల పొడిగా నుండవలెనని మొదటి రాత్రి అడిగెను. అట్లే జరిగెను. అయినను మఱుసటి రాత్రి తలక్రిందుగా, బొచ్చు పొడిగా నుండి నేల తడియవలెనని యడిగెను. దానిని అల్పవిశ్వాస మని పలువురందురు. దేవునియెడల ఎట్లున్నను, యంత్రములయెడల అది వివేకము. మార్చినప్పుడు నయమగుట సగము ఋజువు. ప్రాతదానిని మఱల పెట్టినప్పుడు రోగము మఱల వచ్చుట తక్కిన సగము. రెండవనాటి సాయంకాలము మోటారు వేసిరి, దీపము మసకబాఱెను, యంత్రము ఆగెను. అప్పుడు దానియెదుట కూర్చున్నది తండ్రి. బాలిక వంటయింటిలో నుండెను. క్రొత్త ఎస్.ఎం.పి.ఎస్. వెల, వారడిగిన మదర్‌బోర్డు వెలలో సగమైనను కాలేదు. ఆ రాత్రియే బాలిక కుర్చీ మఱల కంప్యూటరు ముందునకు వచ్చినది.

ప్రతి యంత్రమునందును దోషము విద్యుత్తుపెట్టెలోనే యుండునని మేము చెప్పుటలేదు. ర్యాములో నుండవచ్చును, వేడిలో నుండవచ్చును, డిస్కులో, డ్రైవరులలో నుండవచ్చును. కావున వెదకు క్రమము తెలిసియుండుట ముఖ్యము. ముందుగా ముఖ్యమైన ఫైళ్లకు వేఱొకచోట నకలు తీయవలెను. ఏ పరీక్షయు దీనికి ముందు చేయరాదు. పిమ్మట, వేగము పెంచు ఏర్పాటు లేవైన నుండినచో వానిని తీసివేయవలెను. ర్యామును దాని సహజవేగముకంటె ఎక్కువగా నడుపు ఎక్స్.ఎం.పి. అను మీట అనేకుల యంత్రములలో తెఱచియుండును. 1.2 వోల్టులతో నడువవలసిన నాలుగవ డి.డి.ఆర్. ర్యాము, ఆ మీట వేసినప్పుడు తఱచుగా 1.35 వోల్టులతో నడుచును. ప్రతి ప్రాసెసరును, ప్రతి బోర్డును ఆ వేగమును భరించునని హామీ లేదు. దానిని మూసి చూచుటకు దమ్మిడీ ఖర్చు లేదు. తరువాత ర్యాముపలకలను ఒక్కొక్కదానినే యుంచి రాత్రియంతయు పరీక్షింపవలెను. తరువాత దుమ్ము దులిపి, పంకాలు తిరుగుచున్నవో లేదో చూచి, వేడిని కొలువవలెను. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు 75 డిగ్రీలు చూపు ప్రాసెసరు, మన వేసవిలో గది 40 డిగ్రీలైనప్పుడు 90 చూపుట సహజము. శీతకాలమున నిర్దోషియైన యంత్రము మే మాసమున ఆగుటకు ఇదియే కారణము కావచ్చును. తరువాత డిస్కు తన్ను గూర్చి తాను వ్రాసికొను ఆరోగ్యపత్రమును చదువవలెను. కడపటనే సొమ్ము ఖర్చగు పనులు. అన్నింటికిని ఒకే నియమము: ఒకసారికి ఒక్కటే మార్చుము, మార్చినది వ్రాయుము, కనిపెట్టుము. రెండింటిని ఒక్కసారి మార్చి నయమైనచో యంత్రము బాగుపడునుగాని మనకు ఏమియు తెలియదు.

ఈ విద్యను పాఠశాలలో నేర్పుటకు ఆక్షేపణలు చెప్పువారు గలరు. పిల్లలకు విద్యుత్తు తగులునని మొదటి మాట. ఇది తోసివేయదగినది కాదు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఏ విద్యార్థియు, ఏ ఉపాధ్యాయుడును విప్పరాదు. తీగ ఊడదీసిన పిమ్మటను దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. ఆ పెట్టెను మొత్తముగా మార్చవలసినదేగాని లోపల చేయి పెట్టరాదు. ప్లగ్గు పూర్తిగా తీసి, లోహపు క్యాబినెట్టును ఒకసారి ముట్టి, తక్కిన భాగములను తాకవలెను. ఈ నియమములు నేర్పుటయు విద్యలో భాగమే. మనము నేర్పకున్నచో ఇంటిలో నేర్పువారు లేక నియమములు లేకుండనే విప్పుదురు.

ఇది మెకానిక్కు పని, పండితుల పని కాదని రెండవ మాట. రసాయనశాలలో లవణమును పరీక్షింపుమని మనము బాలురకు ఇచ్చుచున్నాము. లవణము పేరు తెలిసికొనుట వారి జీవితములో ఎన్నడును అక్కఱకు రాకపోవచ్చును. ఐనను క్రమము తప్పక వెదకుట అలవడునని యిచ్చుచున్నాము. లవణముకంటె ఆగిపోవు కంప్యూటరు మంచి గురువు. లవణము ఒక్క గంటలో జవాబిచ్చును. ఈ యంత్రము వారములకొలది ఓర్పు నేర్పును. పరీక్షలకు కాలము చాలదని మూడవ మాట. పాడైపోయి మూల పడవేసిన ప్రాత యంత్రము ఒక్కటి, వారమున కొక్క గంట చాలును. ఖర్చు ఒక నోటుపుస్తకము.

విద్యార్థులారా, సువార్తలో పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపఫలమని శిష్యులు ప్రభువు నడిగిన సందర్భము మీ రెఱుగుదురు. వానిదా, వాని తలిదండ్రులదా యని రెండే సమాధానములు వారికి తోచెను. ఆయన ఆ రెంటిని త్రోసివేసి, వాని కన్నులు తెఱచు పనికి పూనుకొనెను. నేరస్థుని వెదకువారికిని, బాగుచేయువారికిని గల భేదము ఆ యొక్క ఘట్టముననే యున్నది. రేపు మీలో పలువురు గృహములకు, కార్యాలయములకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు పెద్ద లగుదురు. మీ చేతిక్రింద లెక్క తప్పును, మందు వికటించును, సొమ్ము తక్కువపడును, మంచి పిల్లవాడు పరీక్ష తప్పును. ఇవన్నియు అప్పుడప్పుడు ఆగు యంత్రములే. అట్టివేళ అందఱికంటె చిన్నవానివైపు వ్రేలు చూపుట సులభము. వ్రేలు మడచి కలము పట్టుట కష్టము. ఆ కష్టమును కంప్యూటరు ముందే అలవఱచుకొనుడు. అచ్చట తప్పినచో పోవునది కొంచెము సొమ్ము, కొంచెము కాలము. మనుష్యులయెడల తప్పినచో పోవునది మరల అంగడిలో కొనదగినది కాదు.

తలిదండ్రులకును మా విన్నపము ఇదియే. మీ యింటి యంత్రము ఆగినప్పుడు బిడ్డను పిలిచి, "ఏమి చేసితివి?" అని కాక, "ఏమి చూచితివి?" అని యడుగుడు. దండన కెదురుచూచు బిడ్డ తాను చూచినది దాచును. మన్ననతో అడిగినచో, దీపము మసకబాఱిన సంగతి ఆ బిడ్డయే చెప్పును.